బండి మనకిచ్చారు, బీమా ఎవరు కడతారు?

ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. మాదిగ వాడ చివర వేప చెట్టు కింద ఒక చిన్న గూడ్స్ బండి ఆగి ఉంది. టైర్లు బాగానే ఉన్నాయి, ఇంజిన్ బాగానే ఉంది. ముందు అద్దం మీద అంబేడ్కర్ బొమ్మ, వెనక తలుపు మీద కూతురి పేరు. మిర్చి సీజన్ కావడంతో బస్తాలు తోలే బండ్లకు చేతి నిండా కిరాయిలు ఉన్న రోజులవి. అయినా ఆ బండి పదకొండు రోజులుగా కదల్లేదు. ఎందుకని అడిగితే, ముప్పై ఏళ్లు కూడా నిండని దాని యజమాని చెప్పాడు: "ఇన్సూరెన్స్ అయిపోయింది అన్నా. మళ్ల కట్టాలంటే ఒక్కసారే ఇరవై వేల పైన అడుగుతున్నరు. కట్టకుండ కూడ తోలొచ్చు, శానా మంది తోలుతున్నరు. కానీ ఎవరికన్న తగిలితే నేను ఎక్కడ తెచ్చి కట్టాలె?"

ఆయన పేరు, ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఎస్సీ కార్పొరేషన్ సబ్సిడీతో, బ్యాంకు అప్పుతో బండి తీసుకున్న యువకుడాయన. ప్రభుత్వ పథకాల్లో వాహనాలు తీసుకున్న దళిత యువత ఆ తర్వాత ఎలా బతుకుతోందన్నది మా పరిశోధనలో ఒక భాగం. ఆ పనిలో డీజిల్ ధర, కిస్తీ, కిరాయి దొరకకపోవడం లాంటివి వింటామనుకొని వెళ్లాం. అవన్నీ విన్నాం. వాటితో పాటు మేము ఊహించని ఒక మాట పదే పదే వినిపించింది, అది 'ఇన్సూరెన్స్'.

దళిత యువతను వ్యాపారులుగా నిలబెడతామని చెప్పే పథకాలన్నీ ఆస్తి గురించే మాట్లాడతాయి. యూనిట్ ధర ఎంత, సబ్సిడీ ఎంత, బ్యాంకు వాటా ఎంత అన్నదే లెక్క. అయితే బండి చేతికొచ్చిన రోజునే దానితో పాటు ఇంకొకటి కూడా యజమాని పేరు మీదికి వస్తుంది. అది చట్టపరమైన బాధ్యత. ఆ బండి కింద పడి ఎవరైనా చనిపోతే నష్టపరిహారం చెల్లించాల్సింది యజమానే. ఆ బాధ్యతను మోయడానికే థర్డ్ పార్టీ బీమా ఉంది. ఆ బీమా ఖర్చును మాత్రం ఏ పథకమూ తన లెక్కలో పెట్టుకోలేదు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఆ లెక్క గురించే.

బీమా వద్దని కాదు

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. థర్డ్ పార్టీ బీమా ఉండకూడదని మేము అనడం లేదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 146వ సెక్షన్ ప్రకారం ఈ బీమా లేకుండా ఏ వాహనమూ రోడ్డు మీదికి రాకూడదు. అది న్యాయమైన నిబంధన. రోడ్డు పక్కన నడిచి వెళ్లేది ఎవరు? సైకిల్ మీద పనికి పోయేది ఎవరు? తెల్లవారుజామున రోడ్లు ఊడ్చేది ఎవరు? ఎక్కువగా మన వాళ్లే. వాళ్లలో ఒకరు చనిపోతే ఆ కుటుంబానికి దక్కేది ఈ బీమా నుంచి వచ్చే పరిహారమే. దేశంలో దాదాపు సగం వాహనాలకు బీమా లేదని పార్లమెంటరీ స్థాయీ సంఘమే చెప్పింది. దానివల్ల ఎక్కువ నష్టపోయేది కూడా పేదలే.

కాబట్టి బీమా తప్పనిసరి అన్నదాని మీద మాకు పేచీ లేదు. ఆ ఖర్చు ఎవరి మీద ఎంత పడుతోంది, ఎప్పుడు పడుతోంది, కట్టినవాడికి కష్టం వచ్చినప్పుడు ఆ బీమా నిజంగా అక్కరకొస్తుందా అన్నవే మా ప్రశ్నలు.

చిన్న బండికి పెద్ద లెక్క

సొంత బండికి జరిగే నష్టానికి తీసుకునే బీమా ధరను కంపెనీలే నిర్ణయించుకుంటాయి. థర్డ్ పార్టీ బీమా అలా కాదు. దాని ప్రీమియాన్ని కేంద్ర రోడ్డు రవాణా శాఖ, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని సంప్రదించి నిర్ణయిస్తుంది. అంటే ఇది మార్కెట్ ధర కాదు, ప్రభుత్వం పెట్టిన ధర. దాన్ని ప్రభుత్వాన్నే అడగవచ్చు.

2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు చూద్దాం. 1000 సీసీ నుంచి 1500 సీసీ మధ్య ఉన్న సొంత కారుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు. అదే కారు ట్యాక్సీగా తిప్పితే 7,940 రూపాయలు, దాని మీద ఒక్కో ప్రయాణికుడి సీటుకు 978 రూపాయలు. నలుగురు కూర్చునే కారుకు మొత్తం 11,852. దీని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 13,985. ఆఫీసుకు వెళ్లే ఉద్యోగి కారు కన్నా, పొట్టకూటికి అదే కారు తోలే యువకుడు మూడు రెట్లకు పైగా కడుతున్నాడు. ట్యాక్సీ ఎక్కువ దూరం తిరుగుతుంది, ప్రమాదానికి అవకాశం ఎక్కువ, కాబట్టి ప్రీమియం ఎక్కువ అని వాదిస్తారు. అందులో కొంత నిజం ఉంది.

గూడ్స్ బండ్ల లెక్కకు ఆ వాదన కూడా అతకదు. నాలుగు చక్రాల సరుకు రవాణా వాహనాల్లో 7,500 కిలోల స్థూల బరువు వరకు అన్నిటికీ ఒకటే స్లాబు, 16,049 రూపాయలు. టన్నున్నర స్థూల బరువుండే చిన్న ట్రాలీ బండికీ అంతే, ఏడున్నర టన్నుల లారీకీ అంతే. 20 నుంచి 40 టన్నుల లారీకి 43,950, ఆపైన 44,242. ఈ లెక్కను టన్నుల్లో చూస్తే సంగతి అర్థమవుతుంది. టన్నున్నర బండి యజమాని మీద టన్నుకు సుమారు 10,700 రూపాయలు పడుతోంది. ఏడున్నర టన్నుల బండికి 2,140. నలభై టన్నుల లారీకి 1,100.

చిన్న బండి గుద్దినా మనిషి చనిపోవచ్చు, పరిహారం బండి బరువును బట్టి ఉండదు అని బీమా రంగం వాళ్లు అంటారు. ఒప్పుకుంటాం. కానీ 12 టన్నులకు, 20 టన్నులకు, 40 టన్నులకు వేర్వేరు స్లాబులు పెట్టినప్పుడు బరువు గుర్తుకొచ్చింది కదా. అట్టడుగున, అంటే కొత్తగా వ్యాపారంలోకి వచ్చేవాళ్లు ఉండే చోట మాత్రం టన్నున్నరను, ఏడున్నర టన్నులను ఒకే గాటన ఎందుకు కట్టారు? ఎస్సీ కార్పొరేషన్ అప్పుతో వచ్చేది ఆ చిన్న బండే. నాలుగైదు లక్షల యూనిట్‌లో ఏడున్నర టన్నుల లారీ రాదు.

ఇంకో విషయం. సొంత నష్టం బీమాలో, ఏడాదంతా క్లెయిమ్ లేకపోతే మరుసటి ఏడాది కొంత తగ్గింపు ఇస్తారు. థర్డ్ పార్టీ ప్రీమియంలో ఆ తగ్గింపు లేదు. పదేళ్లు ఒక్క ప్రమాదం లేకుండా తోలిన డ్రైవర్ కూడా పూర్తి మొత్తం కట్టాల్సిందే.

జీఎస్టీ విషయంలో మాత్రం కొంత మేలు జరిగింది. గూడ్స్ వాహనాల థర్డ్ పార్టీ ప్రీమియం మీద పన్నును 2019 జనవరిలో 18 నుంచి 12 శాతానికి, 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి తగ్గించారు. 16,049 రూపాయల ప్రీమియం మీద ఒకప్పుడు 2,889 రూపాయల పన్ను పడేది, ఇప్పుడు 802 పడుతుంది. మంచిదే. అయితే ట్యాక్సీకి, ప్యాసింజర్ ఆటోకు ఈ తగ్గింపు రాలేదు. పైగా అసలు ప్రీమియాన్నే పెంచాలన్న ప్రతిపాదనలు 2025లో వార్తల్లోకి వచ్చాయి. పన్నులో తగ్గిన రెండు వేలు ప్రీమియంలో తిరిగి పోతే చిన్న యజమానికి మిగిలేది ఏమీ ఉండదు.

రెండో ఏడాది నుంచి ఎవరు?

ఇరవై వేలు పెద్ద మొత్తమా అని అడిగేవాళ్లు ఉంటారు. ఏడాదికి పంచితే నెలకు పదిహేడు వందలు కూడా కాదు. కానీ ఆ సదుపాయమే ఇక్కడ లేదు. 1938 బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా కంపెనీకి చేరితే తప్ప పాలసీ మొదలు కాదు. వాహన బీమా మొత్తాన్ని ఒకేసారి కట్టాలి. రోజు కిరాయి మీద బతికేవాడి చేతికి డబ్బు రోజుకు కొంత చొప్పున వస్తుంది. ప్రీమియం మాత్రం ఒక్కరోజే పోవాలి. ఆ ఒక్కరోజు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గరే కులం పనిచేస్తుంది.

అదే ఊళ్లో రైతు కుటుంబం నుంచి వచ్చి బండి కొన్న కుర్రాడికి రెన్యువల్ తేదీ దగ్గర పడితే పంట డబ్బు ఉంటుంది, లేకపోతే బాబాయి సర్దుతాడు, ఇంకా కాకపోతే ఎరువుల కొట్టు యజమాని అప్పిస్తాడు. వాడలో ఆ తేదీ వచ్చేసరికి అడిగే దిక్కు వడ్డీ వ్యాపారే. మేము మాట్లాడినవాళ్లలో కొందరు ప్రీమియం కట్టడానికి నూటికి మూడు, ఐదు రూపాయల వడ్డీకి తెచ్చామన్నారు. ఒకరు భార్య కమ్మలు తాకట్టు పెట్టామన్నారు. ఇంకొందరు మూడు, నాలుగు వారాలు బండి ఆపుకున్నారు. మిగిలినవాళ్లు ఆ కొన్ని వారాలు బీమా లేకుండానే తోలారు.

పథకాల్లో దీనికి చోటు ఎందుకు లేదో చూస్తే, షోరూమ్ ఇచ్చే ఆన్‌రోడ్ ధరలో సాధారణంగా మొదటి ఏడాది బీమా కలిసి ఉంటుంది. అధికారి ఆ కొటేషన్ చూసి యూనిట్ మంజూరు చేస్తాడు. తాళం చెవి ఇచ్చే ఫొటో పత్రికల్లో వస్తుంది. సొంత కార్లకు కొన్నప్పుడే మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తీసుకోవాలని 2018లో సుప్రీంకోర్టు ఆదేశంతో నిబంధన వచ్చింది. రవాణా వాహనాలకు అది లేదు, ఏడాదికోసారి కట్టుకోవాలి. కాబట్టి మొదటి పుట్టినరోజు నాటికి బండి ప్రభుత్వ లెక్కలో నుంచి పోతుంది, యజమాని లెక్కలోకి వస్తుంది.

ఈ సమస్య ఎంత మందిదో తెలియాలంటే పథకాల పరిమాణం చూడాలి. తెలంగాణలో 2021 ఆగస్టులో వాసాలమర్రిలో, హుజూరాబాద్‌లో మొదలైన దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇచ్చారు. చాలా మంది ట్రాక్టర్లు, కార్లు, గూడ్స్ బండ్లు ఎంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరి 21న ఇంటింటికీ రేషన్ కోసం 9,260 వాహనాలను ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ యువతకు సబ్సిడీ మీద ఇచ్చారు. 2025 జూన్ 1 నుంచి ఆ విధానాన్ని ఆపేశారు. రేషన్ పంపిణీ ఆగింది గానీ బండ్లు ఎక్కడికీ పోలేదు. వాటిని వేరే పనికి తిప్పుకోవాలంటే ఏటా బీమా కట్టాల్సిందే. తెలంగాణలో 2025లో ప్రకటించిన రాజీవ్ యువ వికాసంలో యూనిట్ గరిష్ఠ పరిమితి 4 లక్షలు. ఆ డబ్బులోనూ వాహనమే కొనాలనుకునేవాళ్లు తక్కువేమీ కాదు.

చలానా రెండు వేలు, ప్రీమియం పదహారు వేలు

బీమా లేకుండా బండి తోలితే చట్టంలోని 196వ సెక్షన్ కింద మొదటిసారి 2 వేల రూపాయల జరిమానా, రెండోసారి 4 వేలు. మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. ఆచరణలో జరిగేది ఎక్కువగా జరిమానాయే. చేతిలో డబ్బు లేని యువకుడు వేసుకునే లెక్క మనకు తెలుసు. పట్టుకుంటే రెండు వేలు, కడితే పదహారు వేలు. రోజూ పట్టుకోరు కదా అనుకుంటాడు.

ఆ లెక్కలో కనిపించనిది అసలు ప్రమాదం. రోడ్డు ప్రమాద పరిహారాన్ని ట్రిబ్యునళ్లు ఎలా లెక్కిస్తాయో 2009లో సరళా వర్మ, 2017లో ప్రణయ్ సేథీ కేసుల్లో సుప్రీంకోర్టు స్థిరపరిచింది. ఆ పద్ధతిలోనే ఒక ఉదాహరణ వేద్దాం. 28 ఏళ్ల వ్యవసాయ కూలీ చనిపోయాడు, నెల ఆదాయం 12 వేలుగా కోర్టు తీసుకుంది, మీద ఆధారపడినవాళ్లు నలుగురు. ఏడాదికి 1,44,000. భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 2,01,600. సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,51,200. ఆ వయసుకు గుణకం 17. మొత్తం 25,70,400. అంత్యక్రియలు, కుటుంబం కోల్పోయిన తోడు వంటి పద్దులు దీనికి అదనం.

ఐదు లక్షల బండి, అందులోనూ బ్యాంకు అప్పు తీరని బండి ఉన్న యువకుడి మీద పాతిక లక్షల తీర్పు వస్తే ఏమవుతుంది? బండి పోతుంది, ఇందిరమ్మ ఇల్లు ఉంటే దాని మీదికి వస్తారు. అవతలి పక్కన చనిపోయిన కూలీ కుటుంబానికి కాగితం మీద తీర్పు ఉంటుంది, డబ్బు ఉండదు. రెండు కుటుంబాలూ ఒకే వాడవి కావచ్చు. బీమా ఖర్చు మోయలేనిదైనప్పుడు అసలు నష్టం ఇదే. చిన్న యజమాని ఒక్కడే కాదు, అతని బండి ముందు నడిచే మనిషి కూడా రక్షణ కోల్పోతున్నాడు.

ఇదే సూత్రంలో ఇంకో అన్యాయం కూడా దాగి ఉంది. చనిపోయినవాడు నెలకు లక్ష సంపాదించేవాడైతే, పన్నుల సంగతి పక్కన పెట్టి ఇదే లెక్క వేస్తే 2 కోట్ల 14 లక్షలు వస్తుంది. ఆదాయం ఆధారాలు లేని కూలీకి కోర్టు తానే ఒక అంకె ఊహించి వేస్తుంది, అది తరచూ తక్కువే. ప్రీమియం కట్టేటప్పుడు చిన్న బండివాడూ ఏడున్నర టన్నుల లారీవాడూ సమానం. పరిహారం దగ్గరికి వచ్చేసరికి మనిషికీ మనిషికీ మధ్య ఇంత తేడా. చిన్నవాళ్లు వేసిన డబ్బు ఏ ప్రాణానికి ఎంతగా పోతోందన్నది కూడా మన చర్చలోకి రావాలి.

కూలీలు ఎక్కిన బండి

ప్రీమియం కట్టాక కూడా బీమా ఉపయోగపడని సందర్భాలు ఉన్నాయి. వాటిలో మనకు బాగా తెలిసింది కూలీల ప్రయాణం.

మిర్చి కోతలకు, పత్తి తీతకు, వరి నాట్లకు మన ఆడవాళ్లు ఎలా వెళ్తారు? ట్రాక్టర్ ట్రక్కుల్లో, ట్రాలీ ఆటోల్లో, గూడ్స్ బండ్లలో వెళ్తారు. ఊరికి బస్సు ఉండదు, ఉన్నా పొద్దున్నే ఐదింటికి రాదు. తోలేది కూడా చాలాసార్లు వాడ కుర్రాడే. తలా ఇంత అని ఇస్తారు, లేదా రైతు ఇస్తాడు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగే ప్రశ్న, సరుకు బండిలో మనుషులు ఎందుకున్నారని.

1994 సవరణ తర్వాత గూడ్స్ వాహనంలో సరుకు యజమాని, లేదా అతని ప్రతినిధి ప్రయాణిస్తే వాళ్లకు కవరేజీ ఉంటుంది. కూరగాయల గంపతో సంతకు వెళ్లే అమ్మకు అది వర్తించవచ్చు. పనికి వెళ్లే కూలీలకు మాత్రం వర్తించదు. గూడ్స్ వాహనంలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత లేదని ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొన్ని కేసుల్లో కోర్టులు బాధితులకు ముందు కంపెనీ చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని ఆదేశిస్తున్నాయి. బాధిత కుటుంబానికి అది మేలు. కానీ ఆ వసూలు నోటీసు చివరికి చేరేది బండి యజమాని ఇంటికే. అతనేమో ప్రీమియం కట్టాను కదా అన్న ధీమాతో ఉంటాడు.

కూలీలను గూడ్స్ బండిలో ఎక్కించడం తప్పే. అది ప్రాణాలతో ఆట. కానీ ఆ తప్పుకు మూలం ఎక్కడుందో కూడా చూడాలి. పొలానికి మనిషిని క్షేమంగా చేర్చే రవాణా ఏర్పాటు ప్రభుత్వమూ చేయలేదు, పని చేయించుకునే రైతూ చేయలేదు. ఆ లోటు భారమంతా ఒక దళిత యువకుడి పాలసీ కాగితం మీద వేసి, ఆ కాగితం చెల్లదంటున్నాం.

లైసెన్సు విషయంలోనూ చాలా ఏళ్లు ఇలాగే జరిగింది. తేలికపాటి వాహనం లైసెన్సుతో చిన్న గూడ్స్ బండి తోలితే, రవాణా వాహనానికి వేరే అనుమతి లేదని కంపెనీలు క్లెయిములు ఎగ్గొట్టేవి. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు డ్రైవర్ల పక్షాన తీర్పు చెప్పింది. కంపెనీలు మళ్లీ సవాలు చేశాయి. 2024 నవంబర్ 6న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఆ లైసెన్సుతో తోలవచ్చు. ఈ సంగతి తెలియక ఏజెంటు మాటకు భయపడి కేసు వదులుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ తీర్పు ప్రతి వాడకూ చేరాలి.

పేరు ఒకరిది, స్టీరింగ్ ఇంకొకరిది

చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సిన విషయం ఒకటుంది. సబ్సిడీ బండి దళితుడి పేరు మీద తీసుకొని, వెనక పెట్టుబడి పెట్టిన ఆసామి తిప్పుకోవడం మన ఊళ్లలో కొత్త కాదు. కిస్తీలు కట్టలేక నోటి మాట మీద, లేదా వంద రూపాయల స్టాంపు కాగితం మీద బండిని ఇతరులకు అప్పగించినవాళ్లూ ఉన్నారు. ఆర్టీఏ రికార్డులో పేరు మాత్రం మారదు.

చట్టం చూసేది ఆ రికార్డునే. బండి అమ్మేసినా రిజిస్ట్రేషన్ మారకపోతే రికార్డులో ఉన్నవాడే యజమాని, పరిహారం బాధ్యత అతనిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బండి తిప్పుకునేవాడు బీమా కట్టకపోయినా, తాగి తోలినా, కోర్టు నోటీసు వచ్చేది మాత్రం వాడలోని ఇంటికే. లాభం ఆసామిది, బాధ్యత దళితుడిది. తాతల కాలంలో పాలేరు పేరు మీద రాయించుకున్న అప్పు పత్రానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

ప్రభుత్వాలకు తెలియక కాదు

బీమా ప్రీమియం చిన్న యజమానికి అడ్డంకి అన్న సంగతి ప్రభుత్వాలకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 4న ఏలూరులో మొదలైన వాహనమిత్ర పథకం ఉద్దేశమే అది. బీమా, ఫిట్‌నెస్, మరమ్మతుల కోసం సొంత ఆటో, ట్యాక్సీ, మ్యాక్సీ క్యాబ్ ఉన్న డ్రైవర్‌కు ఏటా 10 వేలు ఇచ్చారు. ప్రభుత్వం మారాక 2025 అక్టోబర్ 4న 'ఆటో డ్రైవర్ల సేవలో' పేరుతో 15 వేలు ఇస్తున్నారు. ముగ్గురు ప్రయాణికుల ఆటోకు థర్డ్ పార్టీ ప్రీమియం జీఎస్టీతో కలిపి 7,300 రూపాయల దాకా అవుతుంది. కాబట్టి ఆటో డ్రైవర్‌కు ఈ సాయం నిజంగా పనికొస్తుంది.

కానీ అదే ఎస్సీ కార్పొరేషన్ ద్వారా గూడ్స్ బండి తీసుకున్న యువకుడు ఈ పథకంలో లేడు. అది ప్రయాణికుల వాహనాలకే. ప్రీమియం ఎక్కువ ఉన్నచోట సాయం లేదు. తెలంగాణలో 2023 ఎన్నికల ముందు కాంగ్రెస్ ఆటో డ్రైవర్లకు ఏటా 12 వేలు ఇస్తామని హామీ ఇచ్చింది. దాని అమలు కోసం ఆటో కార్మికులు రోడ్డెక్కాల్సి వచ్చింది. అక్కడ కూడా గూడ్స్ యజమానుల ఊసు లేదు.

దళితబంధులో ఒక మంచి ఆలోచన ఉండేది. ఒక్కో లబ్ధిదారుడి నుంచి 10 వేలు తీసి, ప్రభుత్వమూ కొంత కలిపి, ఆపదలో ఆదుకునే దళిత రక్షణ నిధి పెడతామన్నారు. కష్టకాలం కోసం సమష్టిగా ఒక నిధి ఉండాలన్న ఆ ఆలోచననే బీమా వైపు మళ్లించవచ్చు.

ఏం అడగాలి

విద్యార్థి, దళిత సంఘాల ముందు మేము కొన్ని డిమాండ్లు పెడుతున్నాం. చర్చించి, సరిదిద్ది ముందుకు తీసుకెళ్లాలని మా కోరిక.

మొదటిది, అప్పు తీరేదాకా ప్రతి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియాన్ని యూనిట్ ధరలో భాగం చేయాలి. ప్రీమియం ముందుగా కట్టాలని చట్టం అంటోంది కాబట్టి కార్పొరేషనే ఏటా నేరుగా బీమా కంపెనీకి కట్టి, అవసరమైతే కిస్తీతో పాటు నెలనెలా కొంత తీసుకోవాలి. దీనికి కొత్త ఖజానా అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఉపప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి. ఆ నిధులు రోడ్లకు, భవనాలకు మళ్లుతున్నాయని మనమే ఏటా గొడవ పెడుతున్నాం.

రెండోది, 7,500 కిలోల లోపు స్లాబును విడగొట్టి చిన్న బండ్లకు వేరే ప్రీమియం పెట్టాలి. కేంద్రం ప్రీమియం మార్చే ముందు ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు అడుగుతుంది. ఆ గడువులో బీమా కంపెనీలు, పెద్ద లారీ యజమానుల సంఘాలు రాస్తాయి. ఈసారి మనమూ రాయాలి.

మూడోది, ఆంధ్రప్రదేశ్ పథకంలో, తెలంగాణ హామీలో సొంత చిన్న గూడ్స్ బండి ఉన్న ఎస్సీ, ఎస్టీ యువతను చేర్చాలి.

నాలుగోది, సీజన్‌లో వ్యవసాయ కూలీల ప్రయాణానికి ప్రభుత్వం బస్సులు వేయాలి, లేదా అనుమతి, బీమా ఉన్న ప్యాసింజర్ వాహనాలకు కిరాయి ఇవ్వాలి. అది జరిగేదాకా, ప్రయాణంలో జరిగే ప్రమాదానికి కూలీలందరికీ వర్తించే సామూహిక పాలసీ ఉండాలి.

ఐదోది మనం ఈ రోజే చేయగలిగిన పని. ప్రతి వాడలో ఒక రోజు కూర్చొని బండ్ల కాగితాలు చూద్దాం. పాలసీ తేదీ ఎప్పుడు, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంది, బండి ఎవరి దగ్గర ఉంది అన్నవి రాసుకుందాం. కోర్టు నోటీసు వచ్చినవాళ్లను జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తీసుకెళ్దాం. 1987 చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు.

మేము తిరిగి వచ్చేటప్పటికి వేప చెట్టు కింద బండి యజమాని ఇంకా డబ్బు కోసం తిరుగుతూనే ఉన్నాడు. వారం తర్వాత ఫోన్ చేస్తే, వడ్డీకి తెచ్చి కట్టానని చెప్పాడు. ఆగిన పద్దెనిమిది రోజుల కిరాయి పోయింది, ఆ అప్పు వడ్డీ మిగిలింది. "వచ్చే ఏడాది ఇదే నెల మళ్ల వస్తది కదా అన్నా" అన్నాడు. ఆ నెల వచ్చేలోగా ఈ ప్రశ్నను కార్పొరేషన్ ఈడీ టేబుల్ మీదికి, జిల్లా కలెక్టర్ ప్రజావాణికి, శాసనసభ్యుడి గుమ్మం దగ్గరికి తీసుకెళ్లాల్సింది మనమే.